అక్క కూతురిని రోడ్ షోకి పంపమంటున్నారు, ఏం చెప్పాలి?

శైలు_పటమట
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. విషయం ఇంటిది, కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. ఒక టీవీ డ్యాన్స్ షోలో చేసింది, తర్వాత రీల్స్‌తో ఇంకా పేరొచ్చింది. మా విజయవాడ బీసెంట్ రోడ్డుకి తీసుకెళ్తే చాలు, చెప్పుల షాపులో కూడా సెల్ఫీలు అడుగుతారు. నిన్న మా డివిజన్‌లో ఒక పార్టీ తరఫున తిరిగే ఆయన ఇంటికొచ్చి, కార్పొరేషన్ ఎన్నికలు ఎప్పుడొచ్చినా పాప మూడు సాయంత్రాలు ప్రచార రథం మీద ఉంటే చాలు, ఒక పాటకి స్టెప్పులేసి గుర్తు చూపించి నాలుగు మాటలు చెబితే నలభై వేలు ఇస్తామన్నాడు. మా బావకి ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది. షో కోసం కాస్ట్యూములకీ హైదరాబాద్ తిరుగుళ్లకీ చేసిన అప్పు ఇంకా తీరలేదు. బావ సరేనన్నట్టే ఉన్నాడు. అక్క ఎటూ తేల్చడం లేదు. నాకు మాత్రం మనసొప్పడం లేదు, ఎందుకొప్పడం లేదో గట్టిగా చెప్పలేకపోతున్నాను. మీరైతే ఏం చెబుతారు?

జెండా భుజాన
సోమవారం, రాత్రి 10:05

అమ్మా, మీరు ఉత్తినే భయపడుతున్నారు. నేను పాతికేళ్లుగా కార్యకర్తని (ఏ పార్టీయో ఇక్కడొద్దు). మా పిల్లలు జెండా పట్టుకునే పెరిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. సబ్బు ప్రకటనలో చేస్తే తప్పు కాదు, సినిమాలో హీరో చిన్నప్పటి వేషం వేస్తే తప్పు కాదు, మన ఊరి పార్టీకి చేస్తే తప్పొచ్చిందా? పైగా ఆ టీవీ షోల వాళ్లు ఏమిస్తారు చెప్పండి, కాస్ట్యూమ్ ఖర్చు కూడా తల్లిదండ్రులదే. నలభై వేలు ఊరికే రావు.

మిర్చి ఘాటు
సోమవారం, రాత్రి 10:11

ఊరికే రావు అన్న మాట మాత్రం నిజం అన్నా.

సౌండ్‌బాక్స్ శీను
సోమవారం, రాత్రి 11:20

నేను మైకులూ డీజే బాక్సులూ అద్దెకిస్తాను, ఏ పార్టీ పిలిచినా వెళ్తా, కాబట్టి నాకు రంగు లేదు. 2024 ఏప్రిల్‌లో చూసింది చెబుతా, నిర్ణయం మీది.

సింగ్‌నగర్ పైపుల రోడ్డు. పంచ్ డైలాగులు చెప్పే ఒక బాబుని తెచ్చారు, ఎనిమిదేళ్లుంటాయేమో. మధ్యాహ్నం మూడున్నరకే బండెక్కించారు. అప్పుడు ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు, బండి పైన ఇనప రైలింగ్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, నేనే తడిగుడ్డ చుట్టాను. పిల్లాడికి సిల్కు కండువా, అది జారిపోతుంటే పిన్నీసు పెట్టారు. ఎవరైనా బాక్సుకి పది అడుగుల దూరంలో నిలబడి చూడండి, గుండెలో దబదబమంటుంది, వాడు దాని పక్కనే. అన్న ఇదిగో వస్తున్నాడు అదిగో వస్తున్నాడు అంటూ వచ్చేసరికి ఆరూ ముప్పావు. వాళ్లమ్మని బండెక్కనివ్వలేదు, పైన నాయకులకే చోటు లేదన్నారు. ఆవిడ స్కూటీ మీద నీళ్ల సీసా పట్టుకుని కాన్వాయ్ వెనకాలే వస్తూ జనంలో ఎక్కడో ఆగిపోయింది. పిల్లాడు నా చొక్కా పట్టుకుని "అంకుల్, పాస్" అన్నాడు. బండి ఆపమంటే డ్రైవర్ వెనక మూడొందల బైకులున్నాయి ఎలా ఆపుతానంటాడు. గంటన్నర ఆపుకున్నాడండీ ఆ పిల్లాడు. చివరికి అన్న వచ్చి, వాడిని ఎత్తుకుని, మైకు మూతి దగ్గర పెడితే, కంగారులో అభ్యర్థి పేరు మర్చిపోయి సినిమా హీరో పేరు చెప్పాడు. జనం ఒకటే నవ్వు. అంతా కలిపి ఒక నిమిషం కూడా లేదు. రాత్రి డబ్బులిచ్చే దగ్గర మేనేజర్ "పేరు తప్పు చెప్పాడు" అని సగం కోసేశాడు. నా బాక్సుల అద్దె మాత్రం కోయలేదు, ఎందుకంటే నేను అడ్వాన్స్ తీసుకుంటా.

శైలు_పటమట
సోమవారం, రాత్రి 11:34

శీను గారూ, ఇది చదివాక నిద్ర పట్టేలా లేదు.

టీచరమ్మ గుంటూరు
మంగళవారం, ఉదయం 6:15

నేను ప్రభుత్వ టీచర్‌ని, ఎన్నికల డ్యూటీలు చాలానే చేశాను. 2024 ఫిబ్రవరి 5న కేంద్ర ఎన్నికల సంఘం పార్టీలకు స్పష్టంగా ఆదేశాలిచ్చింది. పిల్లలను ప్రచారంలో ఏ రూపంలోనూ వాడకూడదు. నినాదాలు, పోస్టర్లు, కరపత్రాలు పంచడమే కాదు, నాయకుడు పిల్లని ఎత్తుకోవడం, బండిలో ఎక్కించుకోవడం, పిల్లల చేత పాట, పద్యం, మాటలు చెప్పించడం, పార్టీ గుర్తు చూపించడం కూడా కూడదని విడివిడిగా రాశారు. బొంబాయి హైకోర్టు 2014 ఆగస్టులో ఇచ్చిన తీర్పును అందులోనే ప్రస్తావించారు. అమ్మానాన్నలతో వచ్చిన పిల్ల నాయకుడికి దగ్గర్లో నిలబడి ఉండటం ఒక్కటే తప్పు కాదన్నారు, అదీ ప్రచారంలో పాలుపంచుకోకుండా ఉంటేనే. శైలు గారి మేనకోడలిని అడిగిన పని ఉంది చూశారా, స్టెప్పులు, గుర్తు, నాలుగు మాటలు, ప్రచార రథం, అన్నీ ఆ జాబితాలోనివే.

అప్పటిదాకా మన దగ్గర ప్రచారమంటే చంటిపిల్లని ఎత్తుకుని పేరు పెట్టడమే కదా. ఎందరు బాలింతలు ఎండలో నిలబడి నాయకుడి చేత పేరు పెట్టించుకున్నారో. ఆ ఆదేశం వచ్చాక కూడా ఆగిందని అనుకోను.

ఇంకో మాట, తిట్టుకోకండి. మా వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? జనవరి 25 ఓటర్ల దినోత్సవం అనగానే ముందు బడి పిల్లలనే లైన్లో నిలబెడతాం. ప్లకార్డులు, నినాదాలు, "మా అమ్మానాన్నలు తప్పక ఓటేస్తారు" అని పిల్లల చేత సంకల్ప పత్రాలు రాయించి ఇంటికి పంపడం. అందులో పార్టీ లేదు, నిజమే. అయినా పిల్ల ద్వారా పెద్దవాళ్ల ఓటు దగ్గరికి వెళ్లొచ్చని దారి చూపించింది మేమే కదా అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

మిర్చి ఘాటు
మంగళవారం, ఉదయం 8:02

2020 ఫిబ్రవరి 11న ఢిల్లీ ఫలితాల రోజు గుర్తుందా, ఏడాది పసివాడికి గెలిచిన నాయకుడిలా మఫ్లర్ చుట్టి కళ్లజోడు పెట్టి పెయింటుతో మీసం గీస్తే దేశమంతా వాడి ఫొటోనే. బేబీ మఫ్లర్‌మ్యాన్ అన్నారు. అయిదు రోజుల తర్వాత రామ్‌లీలా మైదానంలో ప్రమాణ స్వీకారానికి ప్రత్యేక ఆహ్వానం కూడా. ముద్దుగానే ఉన్నాడు, నేనూ ఫార్వర్డ్ చేశా. అప్పటికి ఎన్నికలు అయిపోయాయి, డబ్బులూ లేవు, కాబట్టి రూలు ప్రకారం తప్పేం లేదు. కానీ ఆ రోజు నుంచి ప్రతి పార్టీ ఐటీ టీమ్‌కీ ఒక పిల్లో పిల్లాడో కావాలి.

జెండా భుజాన
మంగళవారం, ఉదయం 9:30

టీచరమ్మ గారూ, అది అసెంబ్లీకీ పార్లమెంటుకీ. శైలు గారు చెప్పేది కార్పొరేషన్ ఎన్నిక. దానికి రాష్ట్ర ఎన్నికల సంఘం వేరే ఉంది. ఆ మాత్రం మాకూ తెలుసు.

ప్లీడరు_బ్రాడీపేట
మంగళవారం, ఉదయం 11:48

జెండా గారు పాయింటు బాగానే పట్టారు. మున్సిపల్, పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలోవి, వాళ్ల నియమావళి వాళ్లదే. ఎన్నికల ఉల్లంఘనల మీద ఫిర్యాదు చేసే సీ విజిల్ యాప్ కూడా కేంద్ర సంఘానిది, ఫొటో పెడితే 100 నిమిషాల్లో స్పందించాలనే ఏర్పాటు దానిదే. కార్పొరేషన్ ఎన్నికలో అదే పనిచేస్తుందని కూర్చోకండి. కానీ బాల కార్మికుల చట్టానికి ఏ ఎన్నిక అన్నదాంతో సంబంధం లేదు. అది ఏడాది పొడుగునా ఉంటుంది.

1986 చట్టానికి 2016లో సవరణ వచ్చింది. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. రెండే మినహాయింపులు. ఒకటి బడి అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయం. రెండోది ఆడియో విజువల్ రంగంలో కళాకారులుగా చేయడం: సినిమా, సీరియల్, ప్రకటన, సర్కస్ తప్ప ఆటలు. "సబ్బు ప్రకటన తప్పు కాదు కదా" అన్నారే, అవును, కాదు. ఎందుకు కాదంటే దానికి షరతులున్నాయి. కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు మించకూడదు. వరసగా 27 రోజులు దాటకూడదు. పిల్లల ఇష్టం లేకుండా చేయించకూడదు. వచ్చిన దాంట్లో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆ పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, మేజర్ అయ్యాక ఆమెకే. ఈ నలభై వేలల్లో ఎనిమిది వేలు పాపవి అని మీ డివిజన్ ఆయన అన్నాడా శైలు గారూ?

ప్రచార రథం వినోదం కిందకి రాదని నా వాదన. వస్తుందని ఎవరైనా వాదించినా ఈ షరతులన్నీ నెత్తికెత్తుకోవాలి. షూటింగ్‌లో అయితే కాగితాలుంటాయి, ఎవరో ఒకరు బాధ్యులుంటారు. శీను గారు చూసిన బండి మీద ఎవరున్నారు? సీసా పట్టుకుని వెనకాల వచ్చిన తల్లి, అంతే. చట్టం ఉల్లంఘిస్తే పెట్టుకున్నవాడికి 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులకి మామూలుగా శిక్ష ఉండదు గానీ, డబ్బు కోసం పంపితే ఆ రక్షణ పోతుంది. ఈ ఒక్క వాక్యం మీ బావగారికి చదివి వినిపించండి.

జెండా భుజాన
మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఇన్ని చట్టాలు చెబితే ఇక రాజకీయం ఎవరు చేస్తారు సార్. ఎంతమంది మీద కేసులు పెట్టారో చెప్పండి.

ప్లీడరు_బ్రాడీపేట
మంగళవారం, మధ్యాహ్నం 12:26

తక్కువే. హెల్మెట్ పెట్టుకోని వాళ్లందరికీ చలానా రాదు, తల మాత్రం మనదే కదా.

నిర్వాహకుడు
మంగళవారం, మధ్యాహ్నం 1:00

రెండు కామెంట్లు తీసేశాను. పార్టీ పేర్లు, నాయకుల ఇంటి ఆడవాళ్ల మీద మాటలు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి. పాప పేరు, అకౌంట్ ఇక్కడ ఎవరూ అడగొద్దు. కనుక్కోవడానికి ప్రయత్నించవద్దు.

ఇద్దరబ్బాయిల అమ్మ
మంగళవారం, సాయంత్రం 4:37

చదివి ఊరుకుందామనుకున్నాను, చేతులు ఊరుకోలేదు. మాది గుంటూరు, అరండల్‌పేట వైపు. 2019లో మా పెద్దవాడికి పదేళ్లు. గొంతు బాగుంటుంది, గుడిలో, స్కూల్లో, లోకల్ ఛానల్లో పాడేవాడు, కాస్త పేరుంది. మా ఆయనకి తెలిసినాయన ఒక అభ్యర్థి మీద పాట రాయించి వీడి చేత పాడించాడు. డబ్బు కూడా తీసుకోలేదు, మొహమాటం. కండువా వేసి, చెయ్యి పైకెత్తమని, ఒక్క రోజు షూట్. రెండు రోజుల్లో ఎక్కడ చూసినా వీడే. మాకు గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తర్వాత సంగతి. ఆ నాయకుడు కండువా మార్చేశాడు. మా వాడి వీడియో మాత్రం మారలేదు. మొన్న 2024లో అవతలి పక్షం వాళ్లు ఆ పాత పాటకి ఏవేవో బూతు మాటలు కలిపి మళ్లీ వదిలారు. తిట్టింది నాయకుడినే, కనిపించే ముఖం నా కొడుకుది. వాడప్పుడు పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాడు. గొంతు మారి మీసం వస్తున్న వయసు. స్కూలు పిల్లలు వాడికి ఆ గుర్తు పేరే పెట్టేశారు, ఏ గుర్తో చెప్పను. ట్యూషన్‌లో కూడా అదే పిలుపు. వాడు పాడటం మానేశాడు. హార్మోనియం అమ్మేయమంటే నేనే అమ్మలేదు, దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్నాం.

వీడియో నెట్‌లోంచి తీసేయించాలని ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగాను. పాట చేయించినాయన "అది మా చేతిలో లేదమ్మా, ఎవరెవరి ఫోన్లలో ఉందో" అన్నాడు. నిజమే చెప్పాడు.

శైలు_పటమట
మంగళవారం, సాయంత్రం 5:10

అమ్మా, మీరు రాసింది అక్కకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. లేచి వెళ్లి పాప ఫోన్ చార్జింగ్‌లోంచి తీసి బీరువాలో పెట్టింది.

టీచరమ్మ గుంటూరు
మంగళవారం, సాయంత్రం 6:00

ఆ ఫోన్ సంగతి కూడా చూడండి. ఇన్‌స్టాలో 13 ఏళ్లలోపు పిల్లలకి సొంత ఖాతా ఉండకూడదు, పెద్దవాళ్లు నడుపుతున్నట్టు రాసి ఉండాలి. రేపు పాప పార్టీ వీడియో పెడితే కింద కామెంట్లు చదివేది ఎవరు? మా బడిలో పిల్లలు అన్నీ చదువుతారండీ, మనకంటే ముందే చదువుతారు.

వన్‌టౌన్ తాతయ్య
మంగళవారం, రాత్రి 8:55

మనవడి ఫోన్లో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలప్పుడు నాకు తొమ్మిదేళ్లు, మీ పాప ఈడే. అంత ఎన్నిక మళ్లీ చూడలేదు. ఈ కృష్ణా గుంటూరుల్లో ప్రతి ఇల్లూ రెండుగా చీలిపోయింది, అన్న అటు తమ్ముడు ఇటు. మేం పిల్లకాయలం ఎద్దుల బండి వెనక పరిగెత్తుతూ పాటలు పాడేవాళ్లం. పొద్దున కాడెద్దుల గుర్తు కాంగ్రెస్ వాళ్ల పాట, సాయంత్రం కంకి కొడవలి గుర్తు కమ్యూనిస్టు వాళ్ల పాట. పప్పు బెల్లాలు ఎవరు పెడితే వాళ్లది. మా నాన్న ఒకటే పార్టీ, ఆయనకి తెలిసి వీపు చీరేశాడు. కమ్యూనిస్టులకు అప్పుడు 15 సీట్లే వచ్చాయి, మా నాన్న రెండు రోజులు అన్నం తినలేదు.

కాబట్టి జెండా అబ్బాయి చెప్పింది నాకు అర్థమవుతుంది. పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. బాల సంఘాలు ఉండేవి, బుర్రకథలు ఉండేవి, పిల్లలకి అది పండగలా ఉండేది. కానీ మేం పాడిన పాటలు ఎవడూ పట్టి దాచలేదు బాబూ. ఇవాళ నన్ను పాడమంటే నాకే ఒక్క చరణం రాదు. ఆ గుంటూరు తల్లి కొడుకుకి ఆ అదృష్టం లేదు.

జెండా భుజాన
మంగళవారం, రాత్రి 9:20

తాతయ్య గారూ, మీ మాట మీద గౌరవం ఉంది. నా పిల్లలు జెండా పట్టింది నా ఇంటి జెండా, అద్దెకి కాదు. ఆ తేడా ఒప్పుకుంటున్నా. మిగతాది ఒప్పుకోను. శైలు గారి ఇంట్లో అప్పు ఎవరు తీరుస్తారు, ఇక్కడ చట్టం చెప్పినవాళ్లా?

మిర్చి ఘాటు
మంగళవారం, రాత్రి 9:31

మీ పార్టీ వాళ్లు పాపని బండెక్కించకుండానే నలభై వేలు అప్పు ఇవ్వొచ్చు కదా అన్నా, ఇంటి మనుషుల్లాగా.

సౌండ్‌బాక్స్ శీను
మంగళవారం, రాత్రి 9:40

😂 అన్నా, నా పోయిన ఎన్నికల బిల్లే ఇంకా పెండింగ్.

శైలు_పటమట
గురువారం, రాత్రి 10:15

రెండు రోజులు రాలేదు, ఇంట్లో పెద్ద గొడవ. చట్టంలో ఆ వాక్యం బావకి వినిపించాను. "కేసు అవుతుందా" అని రెండుసార్లు అడిగి, డివిజన్ ఆయనకి ఫోన్ చేసి రోడ్ షో వద్దన్నాడు. ఆయనేమీ నొచ్చుకోలేదు. "సరే అన్నా, అది వదిలెయ్. వచ్చే పది రోజుల్లో మా అన్న పుట్టినరోజు ఉంది, డివిజన్ పిల్లల తరఫున శుభాకాంక్షలు అని అరనిమిషం వీడియో చాలు, పాప అకౌంట్‌లో పెట్టండి, పదిహేను వేలు" అన్నాడట. గౌను కూడా వాళ్లే పంపిస్తారట. బావ అయిదు వేలు అడ్వాన్స్ తీసుకుని వచ్చేశాడు. పుట్టినరోజుకి కూడా కేసేంటి అంటున్నాడు. పాపకి చెబితే అడిగింది, "ఆ అన్న ఎవరు పిన్నీ, నేను ఎప్పుడైనా చూశానా?"

ప్లీడరు_బ్రాడీపేట
గురువారం, రాత్రి 10:40

తెలివైనవాడే. నోటిఫికేషన్ రాకముందు నియమావళి ఉండదు, పుట్టినరోజుకి గుర్తు ఉండదు, అడిగితే అభిమానం అంటారు. కానీ డబ్బు తీసుకుని చేయిస్తే అది పనే, మళ్లీ ఆ బాల కార్మికుల చట్టం దగ్గరికే వస్తాం. అడ్వాన్స్ ఫోన్‌పేలో వచ్చిందా, చేతికిచ్చారా?

శైలు_పటమట
గురువారం, రాత్రి 10:44

చేతికే.

ఇద్దరబ్బాయిల అమ్మ
గురువారం, రాత్రి 10:52

మా వాడిదీ మొదట అరనిమిషమే అన్నారు శైలూ. గౌను ఏ రంగు?

శైలు_పటమట
శుక్రవారం, ఉదయం 7:30

మీరు అనుకున్న రంగే. రాత్రే తెచ్చిచ్చారు, మెడ దగ్గర జరీ, కింద కుచ్చిళ్లు. పాప వేసుకుని అద్దం ముందు గిరగిరా తిరిగింది కూడా, పిల్లకి గౌనంటే గౌనే కదా. భుజాల దగ్గర బిగుతుగా ఉంది, చెయ్యి పైకెత్తితే కుట్టు పట్టేస్తోంది. అక్క దాన్ని విప్పించి కవర్లో పెట్టి నా చేతికిచ్చి, "టైలర్‌కి ఇచ్చిరా" అంది. ఇంకేం మాట్లాడలేదు, నా వంక ఒకసారి చూసింది అంతే.

సౌండ్‌బాక్స్ శీను
శుక్రవారం, ఉదయం 7:41

టైలర్ అంటే ఎంత లేదన్నా రెండు వారాలు. ఆ పుట్టినరోజు ఎప్పుడన్నారు?

శైలు_పటమట
శుక్రవారం, ఉదయం 7:43

వచ్చే ఆదివారం. మా వీధి టైలర్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఆయన అయితే నెల పడుతుంది. ఆయన దగ్గరికే వెళ్తున్నా.